నూట ఇరవై ఆరు అభ్యంతరాలు: చిత్తూరులో ఒక పోలింగ్ కేంద్రం కేసు

ఓటరు జాబితాల మీద పనిచేసే వార్డు బృందాల కోసం ఈ కేసు రాస్తున్నాం. డివిజన్ పేరు, సంవత్సరం, పార్టీలు, మనుషుల పేర్లు తీసేశాం. ఎవరినీ గుర్తుపట్టకుండా అంకెలను కాస్త మార్చాం, నిష్పత్తులు మాత్రం అలాగే ఉన్నాయి. ఎన్నికల నియమాలు, విదేశాల ఉదాహరణలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

నేపథ్యం

చిత్తూరు నగరంలో ఒక డివిజన్. ప్రభుత్వ బడిలో పోలింగ్ కేంద్రం, 1,140 ఓట్లు. అందులో 300 ఓట్లు రెండు సందుల్లో ఉన్నాయి. అక్కడ ఎక్కువ మంది అద్దె ఇళ్ళవాళ్ళు: ఉర్దూ మాట్లాడే మెకానిక్కులు, టైలర్లు, పాత ఇనుము వ్యాపారులు, గుడియాత్తం, వేలూరు వైపు నుంచి రెండు మూడు తరాల కింద వచ్చిన తమిళ కుటుంబాలు. మగపిల్లల్లో చాలామంది బెంగళూరులో డ్రైవర్లుగా, మేస్త్రీలుగా ఉంటారు. పండక్కి, పెళ్ళికి, ఓటుకు వస్తారు. మిగతా 840 ఓట్లు మెయిన్ రోడ్డు, దాని వెనక నాలుగు వీధులవి. అక్కడ సొంత ఇళ్ళు ఎక్కువ.

ఈ ఊళ్ళో భాషలు కలిసి ఉండడం కొత్త సంగతి కాదు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, అటువైపు ఊళ్ళు కొన్ని ఇటు వచ్చాయి. మేనమామ ఆ రాష్ట్రంలో, మేనత్త ఈ రాష్ట్రంలో ఉండే ఇళ్ళు జిల్లా అంతా కనిపిస్తాయి. దాంతో పాటు ఒక అసలు సమస్య కూడా ఉంది: కొందరికి రెండు రాష్ట్రాల్లోనూ ఓటు ఉంటుంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది కుదరదు. ఈ కేసులో పుట్టిన ప్రచారమంతా ఈ చిన్న నిజం చుట్టూ అల్లిందే.

డివిజన్‌లో ఒక నాయకుడు రెండేళ్ళుగా ఒకటే మాట చెబుతున్నాడు. "పన్ను కట్టేది మనం, నీళ్ళు లేనిది మనకు. ఆఫీసర్లు బయటోళ్ళకు కొమ్ముకాస్తుండారు. ఓటుతో మనల్ని మింగేస్తుండారు." ఈ మాటలో ముగ్గురున్నారు: కష్టపడే మనం, మనల్ని మోసం చేసే పైవాళ్ళు, ఆ పైవాళ్ళు సాకుతున్న బయటివాళ్ళు. మొదటి ఇద్దరితో ఏ రంగు జనాకర్షక (పాపులిస్టు) రాజకీయమైనా నడుస్తుంది. మూడో మనిషి వచ్చి చేరినప్పుడే అది మితవాద (రైట్ వింగ్) జనాకర్షకత అవుతుంది. హంగరీలో ఓర్బాన్, ఫ్రాన్స్‌లో లె పెన్, అమెరికాలో ట్రంప్ భాషలు వేరైనా, మనం, పైవాళ్ళు, బయటివాళ్ళు అన్న అమరిక ఒకటే. వీళ్ళు ఎన్నికలను కాదనరు, ఎన్నికల గుండానే వస్తారు. 2010లో ఓర్బాన్ పార్టీకి వచ్చిన ఓట్లు 53 శాతానికి అటూ ఇటూ, సీట్లు మూడింట రెండొంతులు. ఏడాది తిరిగేసరికి కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. 'అసలు ప్రజలు' ఎవరో తామే తేల్చేస్తామన్నాక, తర్వాతి ప్రశ్న ఓటరు జాబితాలో ఎవరుండాలన్నదే.

2015 వేసవిలో హంగరీ ప్రభుత్వం వలస వచ్చేవాళ్ళను ఉద్దేశించి "హంగరీకి వస్తే ఇక్కడివాళ్ళ ఉద్యోగాలు లాక్కోకూడదు" అనే అర్థంలో పెద్ద పెద్ద బోర్డులు పెట్టింది. అవి హంగేరియన్ భాషలో ఉన్నాయి. సిరియా నుంచి నడిచి వచ్చినవాడికి ఆ భాష రాదు కదా. ఈ డివిజన్‌లో కూడా "బయటి ఓటర్లకు హెచ్చరిక" అన్న ఫ్లెక్సీని ఆ రెండు సందుల్లో కట్టలేదు, మెయిన్ రోడ్డు సర్కిల్లో కట్టారు. హెచ్చరిక ఎవరికోసమో చెప్పడానికి ఫ్లెక్సీ కట్టిన చోటు చాలు.

సమస్య

ఓటరు జాబితా సవరణలో (స్పెషల్ సమ్మరీ రివిజన్) ముసాయిదా జాబితా వచ్చిన రెండో వారంలో పోలింగ్ కేంద్రం గోడకు ఫారం 10 అంటించారు. ఎవరి పేరు మీద ఎవరు అభ్యంతరం పెట్టారో చెప్పే జాబితా అది. అందులో ఈ కేంద్రానికి 126 ఫారం 7 దరఖాస్తులున్నాయి, అంటే పేరు తీసేయమని పెట్టేవి. అన్నీ ఆ రెండు సందుల పేర్లే. కారణం గడిలో 117 వాటికి 'శాశ్వతంగా వెళ్ళిపోయారు' లాంటివి, తొమ్మిదింటికి 'భారత పౌరులు కారు'. అభ్యంతరం పెట్టినవాళ్ళు ఏడుగురే.

ఆంధ్రప్రదేశ్‌కు ఇది కొత్త కాదు. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో ఫారం 7లు లక్షల్లో వచ్చి పడ్డాయి, తప్పుడు దరఖాస్తుల మీద పోలీసు కేసులూ నమోదయ్యాయి. అమెరికాలో 2020 డిసెంబరులో, జార్జియా సెనేట్ రెండో విడత పోలింగుకు ముందు, ఒక సంస్థ ఏకంగా 3.64 లక్షల మంది ఓటర్ల అర్హతను సవాలు చేసింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం చేసిన చట్టంలో, ఒక ఓటరు ఎంతమందినైనా సవాలు చేయవచ్చు, పరిమితి లేదు అని రాసుకున్నారు. మన నియమాలు ఈ విషయంలో మెరుగు. పార్టీ తరఫు బూత్ లెవెల్ ఏజెంటు రోజుకు పది ఫారాలకు మించి ఇవ్వకూడదు. మొత్తం గడువులో ముప్పై దాటితే ఓటర్ల నమోదు అధికారి (ఈఆర్వో) లేదా సహాయ నమోదు అధికారి (ఏఈఆర్వో) స్వయంగా పరిశీలించాలి. ఒకే వ్యక్తి అయిదుకు మించి పేర్ల మీద అభ్యంతరం పెట్టినా అంతే. అయితే ఈ కట్టడి ఉందని అడిగేవాళ్ళుంటేనే అది పనిచేస్తుంది. పని ఒత్తిడిలో ఉన్న బూత్ లెవెల్ అధికారి (బీఎల్వో) ఫారం 7ల కట్ట చూసి, తలుపు తట్టి, మనిషి లేకపోతే 'లేరు' అని రాసుకుని పోతే, కట్ట మొత్తం అలాగే కదిలిపోతుంది.

మొదట చేసినవి, అవి ఎందుకు తిరగబడ్డాయి

సందుల్లోని యువకులు ఊరికే కూర్చోలేదు. వాళ్ళు చేసిన ప్రతి పనికీ ఒక తర్కం ఉంది, అందుకే ఒక్కొక్కటీ చూడాలి.

మొదటిది ధర్నా. ఆఫీసు ముందు నూటయాభై మంది కూర్చున్నారు. సాయంత్రానికి ఆ వీడియోలోంచి ముప్పై సెకన్లు కత్తిరించి, "చూడండి, ఎంతమంది దిగారో" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. గుంపును చూపించి భయపెట్టేవాడికి ఇంకో గుంపు దొరికింది. అధికారికి కూడా ధర్నా వల్ల చేతికి వచ్చిన కాగితం ఏమీ లేదు. విచారణ చేసే అధికారి ముందు పనికొచ్చేది ఓటరు జాబితాలోని పార్ట్ నంబరు, వరుస సంఖ్య, తేదీ. నినాదానికి అక్కడ గడి లేదు.

రెండోది వాట్సాప్‌లో ఖండన. "మన డివిజన్‌లో వెయ్యి దొంగ ఓట్లున్నాయన్నది అబద్ధం" అని చక్కటి తెలుగులో పోస్టు రాశారు. దాన్ని చదివినవాళ్ళలో సగం మంది ఆ వెయ్యి అంకెను మొదటిసారి విన్నది ఆ ఖండనలోనే. పైగా అందులో "ఒక్క దొంగ ఓటు కూడా లేదు" అని ఉంది. మరుసటి రోజు అవతలివాళ్ళు చనిపోయిన ముగ్గురి పేర్లు జాబితాలోంచి తీసి పెట్టారు. ఒక్కటీ లేదని చెప్పినచోట మూడు బయటపడితే, వెయ్యి ఉన్నాయన్న మాటే నిజమనిపిస్తుంది.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది: ఎదురు ఫారం 7లు. కోపంలో ఇరవై పైచిలుకు అభ్యంతరాలు మెయిన్ రోడ్డు వీధుల పేర్ల మీద పెట్టేశారు. ఆఫీసులో దీన్ని రెండు వర్గాల గొడవగా లెక్కకట్టి రెండు కట్టలనూ పక్కన పడేశారు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఫారం 7 కింద సంతకం పెట్టేవాడు తనకు తెలిసినంతలో ఇది నిజమని ప్రకటిస్తాడు. అబద్ధమని తేలితే 1950 చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇరవై మంది గురించి ఏమీ తెలియకుండా సంతకం పెట్టిన ఇద్దరు యువకులు అదే తప్పులో ఇరుక్కోబోయారు. విచారణకు ముందే వాటిని వెనక్కి తీసుకోమని చెప్పాల్సి వచ్చింది.

నాలుగోది జిరాక్సుల మూట. ఇంటింటికీ తిరిగి అందరి ఆధార్ కార్డుల కాపీలు పోగేసి ఆఫీసులో ఇచ్చారు. అవి వెనక్కి వచ్చాయి. ఏ కాపీ ఏ వరుస సంఖ్యదో ఎవరూ రాయలేదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు కాబట్టి ఆ తొమ్మిది మందికి అది ఏ రకంగానూ అక్కరకు రాదు. ఇంకో మాట, అభ్యంతరాన్ని రుజువు చేయాల్సిన భారం ముందు అభ్యంతరం పెట్టినవాడిది. అడగకముందే మూడొందల మంది తమ కాగితాలు తీసుకెళ్ళి గుట్ట పోస్తే, 'మేం నిరూపించుకోవాల్సినవాళ్ళం' అని తామే ఒప్పుకున్నట్టయింది. కొన్ని కాపీలు ఎవరి చేతుల్లోకి పోయాయో ఇప్పటికీ లెక్క లేదు.

ఈ నాలుగింటిలోనూ ఒకే లోపం ఉంది. అవతలివాడు 'వాళ్ళంతా' అన్నాడు, వీళ్ళు 'మేమంతా' అని జవాబిచ్చారు. మొత్తంగా మాట్లాడే ఆటలో ఎప్పుడూ మొదటివాడిదే పైచేయి.

దారి మార్చినచోటు

సందులవాళ్ళ బృందం తీసుకున్న నిర్ణయం ఇది: ఇక సభలూ పోస్టులూ వద్దు, 126 పేర్లనూ ఒక్కొక్కటిగా తీసుకుందాం. ఫారం 7 ఒక మనిషి మీద ఒక కారణంతో పెట్టేది. జాతి మీదా, సందు మీదా పెట్టడానికి అందులో చోటు లేదు. నోటీసులూ అంతే: అభ్యంతరం పెట్టినవాడికి ఫారం 13లో, ఎవరి పేరు మీద పెట్టారో వాళ్ళకు ఫారం 14లో విడివిడిగా వెళ్ళాలి. ఈ చట్టపరమైన ఆకారాన్నే పట్టుకుని నడవాలనుకున్నారు.

పొడవాటి రిజిస్టరు ఒకటి తీసుకుని గడులు గీశారు: పార్ట్ నంబరు, వరుస సంఖ్య, ఎపిక్ (ఓటరు కార్డు) నంబరు, జాబితాలో ఉన్న ఇంటి నంబరు, తలుపు మీద ఉన్న ఇంటి నంబరు, మనిషి ఎక్కడ, ఆ సంగతి చెప్పింది ఎవరు, చూపిన కాగితం ఏమిటి, నోటీసు అందిన తేదీ. కాగితాలు చూసి రాసుకోవాలి, కాపీలు తీసుకోకూడదు. ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, ఒకరు ఆ సందువాళ్ళు, ఒకరు మెయిన్ రోడ్డు వీధివాళ్ళు. ఈ చివరి షరతు మీద చాలా వాదన జరిగింది. "వాళ్ళను మా ఇండ్లలోకి ఎందుకు రానియ్యాల?" అని. ఒకే పక్షం రాసిన లెక్కను రెండో పక్షం నమ్మదు, అధికారీ నమ్మడు అన్న కారణం మీద అది నిలబడింది. మెయిన్ రోడ్డు వైపు నుంచి రావడానికి ఒప్పుకున్నది నలుగురే: ఒక రిటైర్డ్ టీచరు, ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఇద్దరు డిగ్రీ విద్యార్థులు. నలుగురూ సరిపోయారు.

రెండు ఇంటి నంబర్ల గడులు పెట్టడం కీలకమని రెండో రోజే తేలింది. కొన్నేళ్ళ కింద మున్సిపాలిటీ ఇళ్ళకు కొత్త నంబర్లు వేసింది, ఓటరు జాబితాలో పాతవే ఉండిపోయాయి. బీఎల్వో పాత నంబరు వెతుక్కుంటూ వెళ్తే ఆ నంబరున్న తలుపే ఉండదు. 'ఇల్లు లేదు' అన్నది రిపోర్టులోకి వచ్చేసరికి 'వెళ్ళిపోయారు' అవుతుంది. మెయిన్ రోడ్డువాళ్ళకు కూడా ఇదే తేడా ఉంది కానీ సొంత ఇళ్ళు కాబట్టి బీఎల్వోకు మొహాలు తెలుసు. అద్దె ఇళ్ళ సందులో మొహం తెలియదు. కుట్ర ఏమీ లేకుండానే, కేవలం పాత నంబర్ల వల్ల, ఒక వర్గం పేర్లు జారిపోయే పరిస్థితి. కుట్ర చేసినవాళ్ళు దీన్ని కనిపెట్టి వాడుకున్నారంతే.

మొత్తం తేలేసరికి 126 పేర్లు అయిదు కుప్పలయ్యాయి. అక్కడే కాపురం ఉన్నవాళ్ళు 71. పనికి బెంగళూరు పోయి వస్తూ ఉన్నవాళ్ళు 24. నిజంగానే ఇల్లు మారిపోయినవాళ్ళు 14. చనిపోయినవాళ్ళు 8. రెండు చోట్ల ఓటున్నవాళ్ళు 9. 'పౌరులు కారు' అన్న తొమ్మిది మందీ మొదటి రెండు కుప్పల్లోనే ఉన్నారు.

అంటే అవతలివాళ్ళు పెట్టిన 126 అభ్యంతరాల్లో 31 సరైనవే. బృందంలో అసలు చర్చ ఇక్కడ మొదలైంది. ఒక పెద్దాయన అడిగింది సూటిగా ఉంది: "మనమే ముప్పైఒకటి ఒప్పుకుంటే, మిగతావి కూడా నిజమేననరా?" కొందరు ఆ కుప్పలను బయట పెట్టకుండా 95 మీదే పోరాడదామన్నారు. చివరికి ఒప్పుకోవడానికే మొగ్గారు, రెండు కారణాలతో. ఒకటి, విచారణలో ఏఈఆర్వో ముందుకు మొదట చనిపోయిన మనిషి పేరు వచ్చి, దాన్ని వీళ్ళు దాచారని తేలితే, తర్వాత వచ్చే 95 మంది మాటకూ విలువ ఉండదు. రెండోది, ఈ 31 తీసేస్తే ప్రచారానికి ఉన్న ఒకే ఒక్క నిజమైన ఆధారం పోతుంది. పేర్లు ఉండిపోతే వచ్చే ఏడాది అవే ముగ్గురు చనిపోయినవాళ్ళు మళ్ళీ వాట్సాప్‌లో తిరుగుతారు.

చనిపోయిన ఎనిమిది మందికి కుటుంబసభ్యులతోనే మరణ ధ్రువపత్రం జతచేసి ఫారం 7 పెట్టించారు. మారిపోయినవాళ్ళకు ఫోన్ చేసి కొత్త చోట చిరునామా మార్పుకు ఫారం 8 వేయించారు. రెండు ఓట్లున్న తొమ్మిది మందిని ఏది ఉంచుకుంటారో వాళ్ళనే తేల్చుకోమన్నారు. అయిదుగురు తమిళనాడులోది ఉంచుకున్నారు, నలుగురు ఇక్కడిది. ఇక్కడ ఉంచుకున్న నలుగురి పేరు తొలగింపు ఈ జాబితాలో జరగకూడదు కదా అని అడగొచ్చు. వాళ్ళకు ఇక్కడ పాత అద్దె ఇంటి చిరునామాలో ఒక నమోదు ఉంది, అది పోయి ఇప్పటి ఇంటి నంబరుతో కొత్తగా వచ్చింది.

ఆ తర్వాతి అడుగు చాలామందికి అనవసరం అనిపించింది కానీ, మా అంచనాలో కేసు మలుపు తిరిగింది అక్కడే. అదే రిజిస్టరుతో మిగతా 840 ఓట్లనూ చూశారు. ఎవరూ అభ్యంతరం పెట్టని వీధుల్లో చనిపోయిన, మారిపోయిన, రెండుచోట్ల ఉన్న పేర్లు 88 తేలాయి. రెండు సందుల్లో 300కు 31, మిగతా వీధుల్లో 840కి 88. రెండు చోట్లా దాదాపు పదింటికి ఒకటి. జాబితాలో చెత్త ఉన్న మాట నిజం, అది ఏ ఒక్క సందులోనో పోగుపడిందన్నది అబద్ధం. ఈ 88 మీద బృందం ఫారం 7లు పెట్టలేదు. ఎదురుదాడి లాగా కనిపించకుండా, పేర్ల పట్టిక మాత్రం రాసి, పరిశీలించమని ఈఆర్వోకు అర్జీ ఇచ్చింది. ఆ పట్టిక మీద మెయిన్ రోడ్డు నుంచి వచ్చిన నలుగురి సంతకాలు కూడా ఉన్నాయి.

విచారణ

ఈఆర్వోకు రాతపూర్వకంగా అడిగినవి నాలుగు. ఏడుగురే 126 పెట్టారు కాబట్టి అధికారి స్వయంగా పరిశీలించాలి. ప్రతి పేరుకూ విడిగా విచారణ జరగాలి, అభ్యంతరం పెట్టినవాళ్ళు కూడా రావాలి. కూలిపని పోకుండా కనీసం కొన్ని విచారణలు ఆదివారం, బడిలో పెట్టాలి. నోటీసులు కొత్త ఇంటి నంబరుకు పంపాలి. మూడోది సగమే ఒప్పుకున్నారు, మిగతావి ఒప్పుకున్నారు. ఫారం 14 అందిన ప్రతి ఇంటి దగ్గరా తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకున్నారు. తప్పు తలుపుకు అంటించిన నోటీసులు పదకొండు ఇలా దొరికాయి.

బెంగళూరులో ఉన్న 24 మందికి ఆధారం అదే 1950 చట్టం 20వ సెక్షన్. తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన మనిషి తన సాధారణ నివాసాన్ని పోగొట్టుకోడని అందులో స్పష్టంగా ఉంది. ఇక్కడి అద్దె కరారు, రేషన్ కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్, గ్యాస్ పుస్తకం, వీటిలో ఏదో రెండు చూపమన్నారు. తొమ్మిది మంది పౌరసత్వం విషయంలో 1995 నాటి లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను అర్జీలో పెట్టారు: అంతకుముందు జాబితాల్లో పేరు ఉండడాన్ని అధికారి బరువుగా తీసుకోవాలి, కారణం చెప్పి, మనిషికి పూర్తి అవకాశం ఇచ్చాకే ముందుకు పోవాలి. తొమ్మిది మందివీ పాత జాబితాల పేజీలు తీసి వరుస సంఖ్యలతో జతచేశారు.

ఏడుగురిలో ముగ్గురు విచారణకు రానేలేదు. ఇద్దరు తాము ఏ దరఖాస్తూ పెట్టలేదన్నారు. వాళ్ళలో ఒక చిల్లర కొట్టు ముసలాయన, 'సభ్యత్వం' కోసమని ఎపిక్ ఫోటో, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఇచ్చాడట. ఆయన పేరు మీద ముప్పై ఒక్క అభ్యంతరాలు వెళ్ళాయి. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఫోన్ రీఛార్జ్ షాపు కుర్రాడు. అతని విచారణ జరిగిన తీరు చూడదగ్గది.

"ఈ వరుస సంఖ్య ఎవరిదో తెలుసా?" అని ఏఈఆర్వో అడిగాడు.

"తెల్దు సార్. లిస్టు ఇచ్చినారు, పెట్టినా."

"ఎవరిచ్చినారు?"

జవాబు లేదు. నాలుగో పేరుకు ఒకావిడ లేచి నిలబడింది. కుర్రాడు చూసి, "ఈమెనా సార్? ఈమె ఈడనే ఉండాది కదా. మాయమ్మ జాకెట్లు ఈమె దగ్గరే కుట్టిస్తాది" అన్నాడు. ఆ తర్వాతి పేర్లకు అతను తల ఎత్తలేదు. మిగిలిన తన అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకుంటానని రాసిచ్చాడు. 'బయటోళ్ళు' అని రెండేళ్ళుగా గ్రూపులో రాసినవాడే, ఎదురుగా నిలబడ్డ మనిషిని గుర్తుపట్టకుండా ఉండలేకపోయాడు. అయితే దీనికే మురిసిపోనక్కర్లేదు. అతను గుర్తుపట్టింది పక్క సందు మనిషి కాబట్టి. నగరానికి అవతలి వైపు ఓటరైతే ఈ ఘట్టం జరిగేది కాదు.

పోలీసు ఫిర్యాదు గురించి బృందంలో గట్టి వాదన నడిచింది. 31వ సెక్షన్ చేతిలో ఉంది, వాడదామని యువకులు. వద్దనడానికి కారణం, కేసు పడితే మరుసటి రోజే "నిజం చెప్పినందుకు కేసు" అన్న ఫ్లెక్సీ వస్తుంది. ఈ రకం నాయకుడికి శిక్ష కంటే వేధింపు కథ పెద్ద పెట్టుబడి. అందుకే కుర్రాడి మీద ఫిర్యాదు చేయలేదు. ముసలాయన ఓటీపీ సంగతి వేరు, అక్కడ బాధితుడు ఆయనే. నేను పెట్టలేదని ఆయన చేతనే ఈఆర్వోకు రాయించారు, పోలీసులకు పంపాలా వద్దా అన్నది ఆఫీసుకు వదిలేశారు. ఆఫీసు పంపింది.

ఫలితం

126లో తొలగింపు 33, నిలిచినవి 93. తొలగిన 33లో 31 బృందం ఒప్పుకున్నవి. మిగిలిన ఇద్దరు బెంగళూరు డ్రైవర్లు, నోటీసు అందినా వాయిదాకు రాలేకపోయారు. కలెక్టరుకు మొదటి అప్పీలు పదిహేను రోజుల్లోగా వేయాలి, ఆ గడువు కూడా దాటిపోయింది. మళ్ళీ కొత్త నమోదుకు వాడే ఫారం 6తోనే నమోదు చేయించుకున్నారు. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉండడం కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్ళ కోసం, కానీ ఇలాంటి చోట్ల ఆఫీసు కిటికీ ఏడాది పొడవునా తెరిచి ఉండడమే పనికొచ్చింది. నామినేషన్ల ఆఖరి రోజు దాటాక మాత్రం ఎన్నిక ముగిసేదాకా జాబితాలో ఏ మార్పూ జరగదు. ఎన్నిక దగ్గర పడ్డాక మేల్కొనే బృందాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మెయిన్ రోడ్డు 88 పేర్లలో చాలావరకు అధికారులు పరిశీలించి తీసేశారు. చిన్న గొడవ జరిగింది, అక్కడివాళ్ళకు మొదటిసారి నోటీసు అందుకోవడం ఎలా ఉంటుందో తెలిసింది. పోలింగ్ రోజు అవతలి ఏజెంట్లు చాలెంజ్ ఓట్లతో అడ్డుపడతారని భయం ఉండేది. నియమం ప్రకారం ఏజెంటు ఒక్కో ఓటరు గుర్తింపును సవాలు చేయడానికి రెండు రూపాయలు ప్రిసైడింగ్ అధికారి దగ్గర కట్టాలి. రెండు రూపాయలు ఎవరినీ ఆపవు, కానీ విచారణ ఆర్డరు కాపీ 93 మంది చేతుల్లోనూ ఉందని తెలిసి ఎవరూ ప్రయత్నించలేదు.

ఇంకో బృందం తీసుకోదగ్గవి, తీసుకోలేనివి

పేరుకో కారణం బయట పెట్టించడం అన్నిటికన్నా ముఖ్యం. 2025లో బిహార్ ప్రత్యేక సవరణలో ముసాయిదాలో లేకుండా పోయిన సుమారు 65 లక్షల పేర్లను, ఒక్కోదానికీ కారణంతో సహా బూత్‌వారీగా ప్రచురించమని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించింది. లక్షల్లోనైనా, 126లోనైనా లెక్క ఒక్కటే: కారణం పేరు పక్కన చేరితే దాన్ని ఎవరైనా వెళ్ళి సరిచూడగలరు. ఫారం 10 గోడకెక్కిన రోజు ఫోటో తీయడం, వారంవారం వెబ్‌సైటులోంచి దించుకోవడం, ఇవి మనిషికి గంట పని.

నిజమైన అసంతృప్తిని పక్కన పెట్టకూడదు. మెయిన్ రోడ్డు వెనక వీధులకు నీళ్ళు సరిగ్గా రావన్నది నిజం. సందులకు కూడా రావు. విచారణలు అయ్యాక ఆ నలుగురూ, సందులవాళ్ళూ కలిసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ట్యాంకరు టైముల మీద ఒకే అర్జీ ఇచ్చారు. ట్యాంకరు వచ్చే వేళలు ఇప్పుడు వార్డు సచివాలయం బోర్డు మీద ఉంటాయి. నీళ్ళు పెరగలేదు. కానీ "వాళ్ళకు రెండు ట్యాంకర్లు పోతుండాయి" అన్న మాట అనాలంటే ఇప్పుడు బోర్డు చూసి అనాలి.

రిజిస్టరు ఎవరి దగ్గర ఉండాలన్నది ముందే తేల్చుకోవాలి. ఎవరి ఓటు ఎక్కడ, ఎవరు ఊళ్ళో ఉండరు అన్న వివరం తప్పుడు చేతుల్లో పడితే అదే తర్వాతి 126కు ముడిసరుకు. ఈ బృందం దాన్ని రెండు ముక్కలుగా, పేర్లు ఒక పుస్తకంలో, వివరాలు వరుస సంఖ్యతో ఇంకో పుస్తకంలో ఉంచింది. పుస్తకాలు రెండు వైపుల రెండు ఇళ్ళలో ఉన్నాయి.

నాయకుడు ఓడిపోయాడనుకోవద్దు. ఓటరు జాబితా మాట ఆపేసి ఇప్పుడు ఇళ్ళ స్థలాల లబ్ధిదారుల జాబితా పట్టుకున్నాడు. మనం, ఆఫీసర్లు, బయటోళ్ళు, అమరిక అదే. సచివాలయంలో సామాజిక తనిఖీకి ఆ జాబితా పెడతారు, అభ్యంతరాలూ తీసుకుంటారు. కానీ అక్కడ ఫారం 13 లేదు, ఫారం 14 లేదు, ఫిర్యాదు చేసినవాడు ఎదురుగా వచ్చి నిలబడాలన్న నియమం లేదు. ఎవరో పేరు లేకుండా చెప్పిన మాట మీద పట్టా ఆగిపోయిన ఇళ్ళు ఆ సందుల్లో ఇప్పటికే నాలుగున్నాయి. ఎవరు ఫిర్యాదు చేశారో, ఏ కారణంతో చేశారో రాతపూర్వకంగా చెప్పమని బృందం సమాచార హక్కు దరఖాస్తు పెట్టింది, జవాబు ఇంకా రాలేదు.